ఎవరి భావం? ఆంగ్ల భావసూచక క్రియావిశేషణాలు – తెలుగు ‘గా’ ప్రత్యయం: ఒక పరిశీలన

ప్రస్తావన

ఆంగ్లం నేర్చుకొనే తెలుగు విద్యార్థికి భావసూచక క్రియావిశేషణాలు సాధారణంగా ఒక పట్టిక రూపంలో పరిచయమవుతాయి. ‘హ్యాపిలీ’ అంటే సంతోషంగా, ‘శాడ్లీ’ అంటే విచారంగా, ‘యాంగ్రిలీ’ అంటే కోపంగా, ‘నెర్వస్లీ’ అంటే బెరుకుగా. ఎడమవైపు పదాలన్నీ ‘లీ’తోను, కుడివైపు పదాలన్నీ ‘గా’తోను ముగుస్తాయి. రెండు భాషల ప్రత్యయాలు ఇంత చక్కగా ఒకదానికొకటి సరిపోవడం వ్యాకరణ బోధనలో అరుదు. బహుశా అందువల్లనే ఈ సమీకరణాన్ని శంకించవలసిన అవసరం ఎవరికీ తోచదు.

‘శాడ్లీ, హి డైడ్ ది నెక్స్ట్ డే’ అనే వాక్యాన్ని ఆ పట్టిక సాయంతో తెలుగు చేస్తే ‘విచారంగా, అతడు మరునాడు చనిపోయాడు’ అని వస్తుంది. చనిపోయినవాడే విచారపడుతూ చనిపోయాడన్నది ఈ తెలుగు వాక్యానికి అర్థం. మూలంలోని విచారం అతనిది కాదు, ఆ వార్త చెబుతున్నవారిది. అదే సంగతిని తెలుగువారు ‘పాపం, మరునాడే పోయాడు’ అంటారు. పట్టికలో ‘పాపం’ అన్న మాటకు చోటు లేదు.

భావసూచక క్రియావిశేషణాన్ని నేర్చుకోవడమంటే ఒక భావానికి ఆంగ్లంలో ఉన్న పేరును నేర్చుకోవడం కాదనీ, వాక్యంలో ఆ భావం ఎవరికి చెందుతుందో గుర్తించడం నేర్చుకోవడమనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ భేదం తెలుగుకు కొత్త కాదు. తెలుగు దాన్ని వేరే సాధనాలతో పాటిస్తుంది. ఆ సాధనాలను పక్కన పెట్టి ‘గా’ ఒక్కదాన్నే ఆంగ్లానికి ఎదురుగా నిలబెట్టడం వల్ల అధ్యేత ఆంగ్లమూ దెబ్బతింటున్నది, అతని తెలుగూ దెబ్బతింటున్నది.

ఆంగ్ల విద్య మన సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. 1897లో తొలిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం పెద్దల ఎదుట పాఠ్యపుస్తకాల ముక్కలను సంభాషణగా చెల్లించుకుంటారు. 1924లో తొలి భాగం వెలువడిన ‘బారిస్టరు పార్వతీశం’లో కథానాయకుడు పరాయి మర్యాదల ముందు తికమకపడతాడు. ఈ రచనలు నవ్వించాయి. నవ్వు వెనుక గురజాడ ఎత్తిచూపిన లోపం మాత్రం ఇప్పటికీ వర్తిస్తుంది: కంఠస్థమైన మాట పలకడానికి వీలుగా ఉంటుంది, సందర్భానికి దానితో పని ఉండదు. భావసూచక పదాల పట్టిక కూడా ఆ కోవకు చెందినదే.

‘గా’ చేసే పనులు

‘గా’ స్వరూపాన్ని పరిశీలిస్తే సమస్య మూలం తెలుస్తుంది. ‘అగు’ ధాతువు తుమున్నర్థక రూపమైన ‘కాన్’ సరళాదేశంతో ‘గాన్’ అయి, ఆధునిక భాషలో ‘గా’గా నిలిచింది. అంటే చారిత్రకంగా ఇది ‘అయ్యేట్లు, అయి ఉండేట్లు’ అన్న అర్థాన్ని మోసే క్రియారూపం. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ‘గా’ చేరిన రూపాలను క్రియావిశేషణాలుగా వివరించింది. అయితే వాడుకలో ‘గా’ పరిధి ఆంగ్లంలోని ‘లీ’ పరిధికంటే చాలా విశాలం.

‘ఆమె సంతోషంగా పాడింది’, ‘ఆమె సంతోషంగా ఉంది’ అనే రెండు వాక్యాల్లోనూ తెలుగులో ఒకే రూపం కనిపిస్తుంది. ఆంగ్లంలో మొదటిదానికి ‘హ్యాపిలీ’ కావాలి, రెండోదానికి ‘హ్యాపీ’ కావాలి. మొదటిది పాడిన తీరును చెబుతుంది, రెండోది ఆమె స్థితిని చెబుతుంది. ‘గా’కు ‘లీ’ సమానమని నేర్చుకొన్న విద్యార్థి ‘షి ఈజ్ హ్యాపిలీ’ అని రాస్తే అది అజాగ్రత్త కాదు. తనకు నేర్పిన సూత్రాన్ని అతడు నిష్ఠగా అమలు చేశాడు.

‘చూచు’, ‘కనిపించు’ క్రియల విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. ‘ఆమె దిగులుగా చూసింది’, ‘ఆమె దిగులుగా కనిపించింది’ అన్న రెండు వాక్యాలకు తెలుగులో క్రియలు వేరు, విశేషణం ఒకటే. ఆంగ్లంలో రెండింటికీ ‘లుక్డ్’ అనే క్రియ ఒకటే రావచ్చు, మారేది పక్కనున్న పదం: చూపు సంగతి చెప్పేటప్పుడు ‘శాడ్లీ’, కనిపించిన తీరు చెప్పేటప్పుడు ‘శాడ్’. తెలుగు క్రియతో చేసిన విభజనను ఆంగ్లం విశేషణ రూపంతో చేస్తున్నది. రెండు భాషలూ భేదాన్ని పాటిస్తున్నాయి. పాటించే చోటు వేరు. ఈ చోటు మారడాన్ని చూపించకుండా పదాలకు పదాలు అప్పగించడమే పట్టిక చేసే పొరపాటు.

‘గా’కు తోడుగా ‘తో’ కూడా భావాలతో చేరుతుంది. ‘కోపంగా’, ‘కోపంతో’ అనేవి పర్యాయపదాల్లా కనిపిస్తాయి కాని అన్నిచోట్లా ఒకదాని స్థానంలో మరొకటి ఒదగదు. ‘కోపంతో వణికిపోయాడు’, ‘సంతోషంతో ఏడ్చేసింది’ అన్నవి సహజ వాక్యాలు. ‘కోపంగా వణికిపోయాడు’, ‘సంతోషంగా ఏడ్చేసింది’ అన్నవి చెవికి ఎబ్బెట్టుగా ఉంటాయి. ‘తో’ భావాన్ని కారణంగా చూపుతుంది, ‘గా’ దాన్ని చర్య తీరుగా చూపుతుంది. ఏడుపు తీరు సంతోషం కాజాలదు, ఏడుపుకు కారణం సంతోషం కావచ్చు. ఆంగ్లం కూడా ఇలాంటి సందర్భాల్లో ‘లీ’ రూపాన్ని వదిలి ‘విత్ యాంగర్’, ‘విత్ జాయ్’ వంటి పదబంధాలను ఆశ్రయిస్తుంది. ‘గా’, ‘తో’ల తేడాను తన భాషలో గమనించిన విద్యార్థికి ఈ ఆంగ్ల భేదం కొత్తగా నేర్పవలసినది కాదు, గుర్తు చేయవలసినది మాత్రమే.

తెలుగు చేసే మరో సూక్ష్మ విభజన విభక్తికి సంబంధించినది. ‘అతను కోపంగా ఉన్నాడు’ అంటే చూసినవారికి అలా కనిపిస్తున్నాడని ప్రధానార్థం. ‘అతనికి కోపంగా ఉంది’ అంటే ఆ భావాన్ని అనుభవిస్తున్నవాడి లోపలి నుంచి చెప్పినట్లు. ‘కి’ విభక్తి ప్రత్యయం భావానికి యజమానిని నిర్దేశిస్తున్నది. భావం ఎవరిదన్న ప్రశ్న తెలుగు వ్యాకరణంలో ఎంత లోతున ఉన్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

స్థానం మారితే యజమాని మారడం

ఆంగ్లంలో ఈ యాజమాన్యాన్ని నిర్ణయించే అంశాల్లో పదస్థానం ముఖ్యమైనది. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన సమగ్ర ఆంగ్ల వ్యాకరణం వెలువడినదీ 1985లోనే. క్రియ జరిగిన తీరును చెప్పే పదాలను అది ‘అడ్జంక్ట్’ వర్గంలో చేర్చింది, వాక్యం మొత్తంపై వక్త వ్యాఖ్యను తెలిపే పదాలను ‘డిస్‌జంక్ట్’ అని వేరు చేసింది. అంతకుముందే, 1956లో, తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ నత్తను తొక్కిన సందర్భాన్ని ఉదాహరణగా తీసుకొని, ‘క్లమ్‌జిలీ’ అనే పదం వాక్యాదిని ఉన్నప్పుడు ఒక అర్థమూ క్రియ తరువాత ఉన్నప్పుడు వేరొక అర్థమూ ఇస్తుందని చూపాడు. ఒకచోట తొక్కడమే మోటుతనం, మరొకచోట తొక్కిన తీరు మోటు.

భావసూచక పదాల్లో ఈ మార్పు మరింత తీవ్రం. ‘హి డిడ్ నాట్ లీవ్ హ్యాపిలీ’ అంటే అతడు వెళ్ళాడు, కాని సంతోషంగా వెళ్ళలేదు. ‘హ్యాపిలీ, హి డిడ్ నాట్ లీవ్’ అంటే అతడు అసలు వెళ్ళనే లేదు, అందుకు సంతోషిస్తున్నది చెప్పేవారు. పదం ఒకటే. స్థానం మారగానే భావం ఒకరి నుంచి మరొకరికి బదిలీ అయింది, జరిగిన సంఘటన కూడా తారుమారైంది.

తెలుగులో ‘సంతోషంగా’ అన్న పదాన్ని వాక్యంలో ఎక్కడికి జరిపినా అది ప్రధానంగా కర్తనే అంటిపెట్టుకొని ఉంటుంది. ‘అతడు సంతోషంగా వెళ్ళలేదు’, ‘సంతోషంగా అతడు వెళ్ళలేదు’ అన్న వాక్యాల్లో ఊనిక మారుతుంది, యజమాని మారడు. వక్త సంతోషాన్ని చెప్పాలంటే పదాన్నే మార్చాలి: ‘అదృష్టం బాగుండి అతడు వెళ్ళలేదు’, లేదా ‘హమ్మయ్య, అతడు వెళ్ళలేదు’. ఆంగ్లం స్థానంతో సాధించేదాన్ని తెలుగు పదజాలంతో సాధిస్తుంది. పదక్రమంలో స్వేచ్ఛకు అలవాటుపడిన తెలుగు విద్యార్థి ఆంగ్ల క్రియావిశేషణాన్ని ఎక్కడైనా పెట్టవచ్చునని భావించడం ఈ కారణంగానే సహజమవుతున్నది.

ఈ విషయంలో ఆంగ్లభాషీయులకు కూడా ఏకాభిప్రాయం ఉండేది కాదు. ‘హోప్‌ఫులీ’ అన్న పదాన్ని వక్త ఆశను సూచించడానికి వాక్యాదిని వాడటంపై దీర్ఘకాలం వివాదం నడిచింది. ‘ఆశతో’ అనే పాత అర్థానికి కర్త కావాలనీ, కొత్త వాడుకలో ఆశించేవారెవరో తెలియదనీ అభ్యంతరం. అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం ఈ వాడుకను 2012లో అంగీకరించింది. ఇన్నేళ్ళ తగవు ‘ఎవరి ఆశ?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. తెలుగులో ఈ తగవు పుట్టదు. ‘వస్తాడనుకుంటాను’ అన్నప్పుడు ఆశించేవారు ఎవరో క్రియాప్రత్యయమే చెబుతుంది. అదే వాక్యాన్ని పట్టిక ప్రకారం ‘ఆశాజనకంగా అతడు వస్తాడు’ అని మార్చితే ఎవరూ ఏమీ ఆశించని వాక్యం మిగులుతుంది.

వక్త భావానికి తెలుగు సాధనాలు

తెలుగులో వక్త భావాన్ని తెలిపే సాధనాలు ‘గా’కు వెలుపల విస్తారంగా ఉన్నాయి. ‘పాపం’ వాటిలో ప్రసిద్ధమైనది. దోషాన్ని సూచించే సంస్కృత నామవాచకం తెలుగులో జాలిని తెలిపే అవ్యయంగా స్థిరపడింది. కాని ‘శాడ్లీ’కి ‘పాపం’ సమానమని మరో పట్టిక తయారుచేస్తే అదీ నిలవదు. ‘శాడ్లీ, ఐ కెనాట్ కమ్’ అని ఆంగ్లంలో తన గురించి తాను చెప్పుకోవచ్చు. ‘పాపం, నేను రాలేను’ అంటే తెలుగులో అది హాస్యమో ఎత్తిపొడుపో అవుతుంది. ‘పాపం’ అనడానికి జాలిపడదగిన మరో ప్రాణి కావాలి. ‘శాడ్లీ, ది లైబ్రరీ వాజ్ క్లోజ్డ్’ అన్నచోట ‘పాపం’ పనికిరాదు. ‘తీరా వెళ్ళేసరికి గ్రంథాలయం మూసేశారు’ అన్నప్పుడు ఆ ‘తీరా’ అన్న మాటలో నిరాశ అంతా ఇమిడిపోతుంది. ఒక ఆంగ్ల పదానికి ఎదురుగా సందర్భాన్నిబట్టి ‘పాపం’, ‘తీరా’, ‘ఏం చేస్తాం’, ‘ఖర్మ కొద్దీ’ అనే వేర్వేరు మాటలు నిలుస్తున్నాయి.

వక్త చికాకును తెలుగు క్రియలోనే నిక్షేపిస్తుంది. ‘మళ్ళీ వచ్చి తగలడ్డాడు’, ‘ఆ పని నేనే చేసి చచ్చాను’, ‘ఏదో రాసి ఏడ్చాడు’ అన్న వాక్యాల్లో తగలడటం, చావడం, ఏడవటం వాచ్యార్థంలో జరగలేదు. ఆ క్రియలు ప్రధాన క్రియకు సహాయకాలై, జరిగినదానిపట్ల వక్త విసుగును తెలుపుతున్నాయి. ఆంగ్లంలో ఇదే పనిని వాక్యాదిని ఉన్న ‘అనాయింగ్లీ’ చేస్తుంది. దాన్ని విద్యార్థి ‘చికాకుగా మళ్ళీ వచ్చాడు’ అని అనువదిస్తే విసుగు వక్తను వదిలి వచ్చినవాడికి అంటుకుంటుంది. తెలుగుకు భావసూచక క్రియావిశేషణాలు తక్కువ అన్న అభిప్రాయం ఈ క్రియలను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల ఏర్పడేది.

అనువాదాల్లోను పత్రికా రచనలోను ‘ఆశ్చర్యకరంగా’, ‘విచారకరంగా’ వంటి రూపాలు వాక్యాదిని కనిపిస్తున్నాయి. వీటిని పూర్తిగా తోసిపుచ్చవలసిన పని లేదు. ‘ఆశ్చర్యంగా’ అంటే ఆశ్చర్యపడుతూ అని, ‘ఆశ్చర్యకరంగా’ అంటే ఆశ్చర్యం కలిగించేలా అని. ‘కర’ అన్న అంశం భావాన్ని కర్త నుంచి విడదీస్తుంది. ‘ఆశ్చర్యకరంగా అతడు గెలిచాడు’ అన్న వాక్యం ఒక అవసరాన్ని తీరుస్తున్నది. కాని ‘విచారకరంగా అతడు చనిపోయాడు’ అన్నప్పుడు విచారం కర్త నుంచి విడివడింది గాని వక్తను చేరలేదు. అది ఎవరిదీ కాని విచారం. నివేదికకు అది చాలవచ్చు. కథనంలో ఒక మనిషి చావును మరొక మనిషి చెబుతున్నప్పుడు ‘పాపం’ పోయిన చోట ఖాళీ తెలుస్తుంది.

స్వశబ్దవాచ్యత దృష్టితో

భావం ఎవరిదో తేలిన తరువాత దాన్ని పేరు పెట్టి చెప్పడం అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇది వ్యాకరణ పరిధిని దాటి విమర్శ పరిధిలోకి వస్తుంది. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు శృంగారాది శబ్దాలను పలికినంత మాత్రాన రసప్రతీతి కలగదనీ, విభావాదుల ద్వారానే కలుగుతుందనీ వాదించాడు. పదకొండో శతాబ్దపు మమ్మటుడు రసాన్ని, స్థాయిని, వ్యభిచారి భావాన్ని స్వశబ్దంతో చెప్పడాన్ని రసదోషాల్లో చేర్చాడు.

ఆధునిక ఆంగ్ల రచయితలు వేరే దారిలో ఇదే చోటికి చేరారు. స్టీఫెన్ కింగ్ 2000లో రచనావ్యాసంగంపై ప్రచురించిన పుస్తకంలో క్రియావిశేషణాలపై, ముఖ్యంగా సంభాషణల వెంట వచ్చేవాటిపై, తీవ్రమైన అయిష్టతను ప్రకటించాడు. ఎల్మోర్ లెనర్డ్ 2001లో రాసిన నియమాల్లో ‘సెడ్’ అనే క్రియకు విశేషణం తగిలించవద్దన్నాడు. 1910లో మొదలైన టామ్ స్విఫ్ట్ బాలల నవలల్లోని సంభాషణ శైలిని వెక్కిరిస్తూ ‘టామ్ స్విఫ్టీలు’ అనే శ్లేషవాక్యాలు పుట్టి 1960 దశకంలో ప్రచారం పొందాయి.

తెలుగు ధారావాహిక నవలా పాఠకులకు ‘అన్నాడు కోపంగా’, ‘అంది విసుగ్గా’ అన్న తీరు సుపరిచితం. క్రియకు ముందు రావలసిన విశేషణం ఇక్కడ క్రియ తరువాతికి జరిగి, ఆంగ్ల సంభాషణ పద్ధతిని పోలి ఉన్నది. పదక్రమ స్వేచ్ఛ తెలుగుకు సహజమే కనుక దీన్ని అనుకరణ అని తీర్పు చెప్పడానికి పోలిక ఒక్కటే చాలదు. విమర్శకు లక్ష్యం కావలసినది స్థానం కాదు, పునరుక్తి. ‘నా కళ్ళెదుట నిలబడకు, పో!’ అన్న మాట తరువాత ‘అన్నాడు కోపంగా’ అనడం వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసేది లేదు. అంతకంటే ‘కసిరాడు’, ‘గద్దించాడు’, ‘గొణిగాడు’, ‘నసిగాడు’ వంటి క్రియలు భావంతోపాటు గొంతును కూడా వినిపిస్తాయి. ‘గుర్రుగా’, ‘బిక్కుబిక్కుమంటూ’ వంటి అనుకరణ పదాలు, ‘మొహం చిన్నబుచ్చుకొని’ వంటి పలుకుబడులు భావాన్ని పేర్కొనకుండా దాని అనుభావాన్ని చూపుతాయి. ఆంగ్లంలోనూ ‘స్నాప్డ్’, ‘మటర్డ్’, ‘గ్రంబుల్డ్’ వంటి క్రియలు ఈ పనినే చేస్తాయి.

అయినా నిషేధం నిరపేక్షం కాదు. అనుభావాలు భావాన్ని నిస్సందేహంగా తెలపలేని కొన్ని సందర్భాల్లో సంచారిని స్వపదంతో చెప్పినా దోషం లేదని మమ్మటుడు మినహాయించాడు. ‘“చాలా సంతోషం” అన్నాడు కోపంగా’ అన్న వాక్యంలో ఆ విశేషణాన్ని తీసివేస్తే అర్థమే తలకిందులవుతుంది. పలికిన మాటకూ పలికినవారి భావానికీ ఎడం ఉన్నచోట క్రియావిశేషణం తన ఉనికిని సమర్థించుకుంటుంది. లెనర్డ్ నియమం కంటే మమ్మటుని మినహాయింపు విమర్శకు ఎక్కువ ఉపకరించే ప్రమాణం. అది పదాన్ని నిషేధించదు, పదం చేసే పనిని అడుగుతుంది.

బోధనకు సంబంధించిన సూచనలు

ప్రారంభ దశలో పదాల పట్టిక అవసరమేనని వాదించవచ్చు. పదం అర్థం తెలియకుండా దాని స్థానం గురించి చర్చించలేమన్న మాటలో నిజం ఉంది. అయితే పట్టిక తొలిమెట్టుగా ఉండటం వేరు, అదే పాఠం కావడం వేరు. ‘శాడ్లీ’ ఎదుట ‘విచారంగా’ అని ఒక్క అర్థం ఇచ్చే బదులు, కర్త భావమైతే ‘విచారంగా’, వక్త భావమైతే సందర్భాన్నిబట్టి ‘పాపం’, ‘తీరా’ అని రెండు పంక్తుల్లో చూపితే నిఘంటువు పరిమాణం పెద్దగా పెరగదు, ప్రయోజనం పెరుగుతుంది.

తరగతిలో అభ్యాసం తెలుగు నుంచే మొదలు కావచ్చు. ‘పాపం, వాడు పరీక్ష తప్పాడు’, ‘వాడు దిగులుగా ఇంటికి వెళ్ళాడు’, ‘వాడికి దిగులుగా ఉంది’, ‘వాడు దిగులుతో మంచం పట్టాడు’ అన్న నాలుగు వాక్యాలనిచ్చి, ప్రతిదానిలో భావం ఎవరిది, అది తీరా, స్థితా, కారణమా, వ్యాఖ్యా అని అడగవచ్చు. ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన విద్యార్థి మొదటిదానికి వాక్యాదిలో ‘శాడ్లీ’ని, రెండోదానికి క్రియ తరువాత అదే పదాన్ని, మూడోదానికి ‘శాడ్’ను, నాలుగోదానికి ‘విత్’ పదబంధాన్ని ఎంచుకోగలడు. ఇక్కడ నేర్పినది నాలుగు ఆంగ్ల ప్రయోగాలు, ఆధారమైనది మాత్రం విద్యార్థికి చిన్ననాటి నుంచి ఉన్న తెలుగు జ్ఞానం.

ముగింపు

‘గా’, ‘లీ’ల సమీకరణం అబద్ధం కాదు, అసంపూర్ణం. కర్త భావాన్ని చర్య తీరుగా చెప్పే సందర్భంలో మాత్రమే అది నిలుస్తుంది. స్థితిని చెప్పేచోట ఆంగ్లం విశేషణాన్ని కోరుతుంది, కారణాన్ని చెప్పేచోట రెండు భాషలూ వేరే నిర్మాణాన్ని కోరుతాయి, వక్త వ్యాఖ్యను చెప్పేచోట తెలుగు ‘గా’ను వదిలి అవ్యయాలను, సహాయక క్రియలను ఆశ్రయిస్తుంది. ఈ భేదాలను విస్మరించిన బోధన ఫలితం ఆంగ్ల పరీక్షలో కొన్ని మార్కులు పోవడంతో ఆగదు. ఆ విద్యార్థే రేపు అనువాదకుడై, పత్రికా రచయితై తెలుగు వాక్యం రాసేటప్పుడు చనిపోయినవాడి మీదికి విచారాన్ని, వచ్చినవాడి మీదికి చికాకును నెడతాడు. ఆంగ్ల క్రియావిశేషణాల బోధనను ఆంగ్ల శాఖకు మాత్రమే సంబంధించిన విషయంగా తెలుగు శాఖలు వదిలివేయలేకపోవడానికి ఇది తగిన కారణం. ‘పాపం’ అన్న మాట వ్యాకరణ స్థానం తెలిసిన అధ్యాపకుడు ‘శాడ్లీ’ని కూడా మెరుగ్గా బోధించగలడు.